యాదగిరిని నొక్కినవా?

2018 జూన్, బడులు తెరిచిన వారం. అప్పటికి నేను ఇబ్రహీంపట్నంలో పదేళ్ళకు పైగా కంప్యూటర్ పని చేస్తున్నాను. బస్టాండ్ దగ్గర మందుల దుకాణం పైన ఉన్న గదే నా ఆఫీసు. పొద్దున పిల్లలకు ఎంఎస్ ఆఫీస్ నేర్పుతాను. మధ్యాహ్నం నుంచి చుట్టుపక్కల స్కూళ్ళకు, రైస్ మిల్లులకు, ఎరువుల దుకాణాలకు వాళ్ళ రోజువారీ పనిని ఎక్సెల్‌లో సులువు చేసి ఇస్తాను. ఊళ్ళో నన్ను కంప్యూటర్ మేడమ్ అంటారు. నా వెనకాల "గామెతోని వాదం పెట్టుకోకు" అని కూడా అంటారట. మంచి సలహానే, వినేవాళ్ళే తక్కువ.

నా పని గురించి ఎవరైనా అడిగితే మాక్రోలు రాస్తానని చెబుతాను. మాక్రో అంటే రోజూ చేసే పనిని కంప్యూటర్‌కు ఒక్కసారి నేర్పి పెట్టడం. ఉదాహరణకు, బడిలోని పిల్లలందరిలోంచి ఒక బస్సువాళ్ళను ఏరు, స్టాపుల వరసలో పెట్టు, ఇంటివాళ్ళ ఫోన్ నంబరు పక్కన చేర్చు, ప్రింట్ తియ్యి. ఇన్ని పనులనూ ఒక మూటగా కట్టి దానికో పేరు పెడతాం. తర్వాత ఎక్సెల్ పైభాగంలో బొమ్మల వరస ఉంటుంది చూశారూ, టూల్‌బార్, అక్కడ కొత్త బటన్ పెట్టి దాన్ని ఆ పేరుకు కలుపుతాం. బటన్ నొక్కితే పనంతా దానంతటదే అయిపోతుంది.

ఒక్క సంగతి మాత్రం మరిచిపోకండి. బటన్‌కు సొంతంగా ఏ పనీ రాదు. దానికి తెలిసింది ఒక్కటే, పేరు పెట్టి పిలవడం. ఆ పేరుగలవాడు లోపల ఉంటే పలుకుతాడు. లేకపోతే బటన్ తెల్లముఖం వేస్తుంది.

సాగర్ రోడ్డు మీద ఒక ప్రైవేటు బడి ఉంది. పేరు వద్దులెండి. ఆ బడి కరస్పాండెంట్ సార్ (ప్రైవేటు బళ్ళలో యజమానిని ఇలాగే పిలుస్తారు) ఆ వేసవిలో నన్ను పిలిచి బస్సుల షీట్లకు మాక్రోలు రాయమన్నాడు. సాయంత్రం ఏ బస్సులో ఎవరెక్కాలో, ఎవరు ఎక్కడ దిగాలో డ్రైవర్ చేతికి, ఆయమ్మ చేతికి షీటు ఇస్తారు. షీటు రాకుండా బస్సు గేటు దాటకూడదు. మంచి నియమం. పేర్ల దగ్గరే మా ఇద్దరికీ పడలేదు.

"రూట్ వన్, రూట్ టూ అని పెట్టున్రి మేడమ్. నీట్‌గ ఉంటది," అన్నాడు.

"నాదర్‌గుల్ బస్సు రూట్ ఎంత సార్?"

"అది... నాలుగో అయిదో."

"బాలాపూర్‌ది?"

ఆయన సొరుగు తెరిచి ఏదో వెతకబోయాడు. నేను ఆగలేదు. వరండాలో పోతున్న రెండో తరగతి పిల్లను పిలిచాను. వేసవి క్లాసులకు వచ్చిన పిల్ల.

"ఏ బస్సుల పోతవ్ బిడ్డా?"

"యాదగిరి మామ బస్సుల."

"విన్నరా సార్? బడంతా డ్రైవర్ పేరే అంటది. నంబర్లు మీ సొరుగుల ఉండనీయున్రి."

అలా ప్రతి మాక్రోకూ డ్రైవర్ పేరే పెట్టాను. నాదర్‌గుల్ బస్సు యాదగిరి, పెద్ద అంబర్‌పేట్ బస్సు మల్లేశ్. ఎక్సెల్ ఇచ్చే బొమ్మల్లోంచి ఒక్కో బటన్‌కు ఒక్కోటి ఎంచుకున్నాను. యాదగిరికి నవ్వు ముఖం పెట్టాను, ఎందుకంటే ఆ మనిషి బ్రేకు వేసినా నవ్వుతాడు, టైరు పంక్చరైనా నవ్వుతాడు. బటన్ మీదికి మౌస్ తీసుకుపోతే కింద చిన్న పలకలో పేరు కనిపిస్తుంది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

బడి తెరిచాక ఆఫీసులోకి స్వరూప అనే కొత్త అమ్మాయి వచ్చింది. బీకాం కంప్యూటర్స్ చదివింది. పెళ్ళైన రెండేళ్ళకు ఇదే మొదటి కొలువు. నెల రోజులు చూసి నచ్చితే ఉంచుకుంటామన్నారు. ఆమెకు ఈ కొలువు ఇప్పించింది వాళ్ళత్త లచ్చమ్మ. లచ్చమ్మ ఆ బడిలోనే ఆయమ్మ, నాదర్‌గుల్ బస్సులో పిల్లలను దింపి వస్తుంది. "మా కోడలు సదువుకున్నది సార్, ఒక్కసారి కూసోవెట్టి చూడున్రి" అని ఎన్నాళ్ళుగానో సార్ వెంటపడి సాధించింది.

మొదటి రోజులు బాగానే గడిచాయి. ఒక మధ్యాహ్నం నేను ఒక రైస్ మిల్లులో పని మీద ఉండగా స్వరూప ఫోన్ చేసింది.

"మేడమ్, ఒక బటన్ పనిచేస్తలేదు. నిన్నటి సంది."

"ఏ బటన్?"

"గదే మేడమ్... నవ్వు ముఖం."

"నొక్కితే ఏమొస్తుంది?"

"ఒక డబ్బా వస్తున్నది. దాంట్ల ఇంగ్లిష్‌ల రాసున్నది."

"చదువు."

"కెనాట్ రన్ ద మాక్రో..." అని ఆగిపోయింది.

"ఆఁ, ఏ మాక్రో?"

"పేరున్నది మేడమ్."

"పేరున్నదని నాకూ తెలుసు. పేరు పెట్టింది నేనే. చదువమ్మా."

"చదవరాదు మేడమ్."

"డిగ్రీ చేసినవ్, ఇంగ్లిష్ పేరు చదవరాదా?"

"చదవొస్తది. చదవరాదు." కొంచెం ఆగి గొంతు తగ్గించింది. "యా తోని మొదలైతది మేడమ్."

"యా తోనా? ఇదేమన్న పొడుపు కథా?"

మాక్రోలను ఎక్సెల్ అడ్డుకుంటోందేమో అనుకున్నాను. తెలియని ఫైలు అనుకుంటే అది ఒక్కోసారి మాక్రోలన్నింటినీ ఆపేస్తుంది. మిగతా బటన్లు నొక్కమన్నాను. అన్నీ పనిచేస్తున్నాయి, నవ్వు ముఖం ఒక్కటే ఏడుస్తోంది.

"మేడమ్, మీరు రాకపోతే నా కొలువు పోతది," అంది స్వరూప. "నిన్న చేత్తోని రాసిచ్చిన. ఇద్దరు పిల్లల పేర్లు తప్పిపోయినయ్. బస్సు గేటు కాడ్నే ఆగింది, తల్లిదండ్రులొచ్చి సార్ మీద ఒర్లిన్రు. ఇయ్యాల గుడ గిట్లనే అయితే ఎల్బీనగర్ నుంచి వేరే మనిషిని తెచ్చుకుంట అన్నడు సార్."

మిల్లు పనిని మధ్యలో వదిలి బండి తీశాను.

నేను చేరేసరికి చివరి పీరియడ్ మొదలైంది. ఆఫీసు గదిలో స్వరూప కుర్చీ అంచున కూర్చుని ఉంది. గుమ్మంలో లచ్చమ్మ, నోట్లో తమలపాకు, చేతిలో చీపురు. తెర మీద ఆ డబ్బా అలాగే ఉంది. నా గొంతు కొంచెం పెద్దది, బళ్ళో అయితే ఇంకొంచెం పెద్దదవుతుంది.

"కెనాట్ రన్ ద మాక్రో యాదగిరి! ఇదేనా చదవరానిది? యాదగిరి! యా-ద-గి-రి!"

"ఓ మేడమ్," లచ్చమ్మ చీపురు కింద పడేసింది. "జర మెల్లగ. గా మనిషి పేరు గట్ల బజార్ల కూరగాయలు అమ్మినట్టు ఒర్లుతరా?"

నేను ఆశ్చర్యపోయాను. "డ్రైవర్ యాదగిరి మీ ఆయనా?"

"ఛీ ఛీ! గాయన కాదు! గాయన నాకు తమ్ముని లెక్క!"

"మరి?"

లచ్చమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. స్వరూప తల వంచుకుని చెప్పింది. "మా మామ పేరు గుడ గదే మేడమ్. పెద్ద చెరువుల చేపలు పడ్తడు."

అప్పటికి నాకు సంగతి కొంచెం కొంచెం అర్థమైంది. కరస్పాండెంట్ సార్ రోజూ మూడింటప్పుడు తన గదిలోంచే అరుస్తాడట, "స్వరూపా, యాదగిరిని నొక్కినవా?" అని. జవాబు చెప్పాలంటే అత్త ఎదురుగానే ఉంటుంది. "అవ్ సార్, నొక్కిన" అనాలి.

"మామ గొంతు పట్టుకుని నొక్కినట్టే ఉన్నది మేడమ్," అంది స్వరూప. "అత్తమ్మ ఏమనలే. గని నాకే సిగ్గయింది."

"నేనేమనలే," అంది లచ్చమ్మ. "ఒక్కసారే అన్న, మీ మామను రోజుకెన్నిసార్లు నొక్కుతవే అని."

"అందుకని ఏం చేసినవ్?" అని స్వరూపను అడిగాను.

ఆ పిల్ల కీబోర్డు మీద రెండు మీటలు కలిపి నొక్కింది. మాక్రోల కోడ్ ఉండే కిటికీ తెరుచుకుంది. దాన్ని ఎడిటర్ అంటాం. నా దగ్గర చదివినవాళ్ళలో సగం మంది ఆ కిటికీ చూస్తేనే భయపడతారు. అక్కడ నేను రాసిన కోడ్ అక్షరం పొల్లుపోకుండా ఉంది, పైన పేరు తప్ప. యాదగిరి ఉండాల్సిన చోట నాదర్‌గుల్ ఉంది.

"ఇంటి ముందట బోర్డు మార్చినట్టే అనుకున్న మేడమ్. బోర్డు మారిస్తే ఇల్లు పోతదా?"

"ఇల్లు పోదు. పోస్టుమాన్ వాపస్ పోతడు," అన్నాను. "బటన్‌కు ఎరుకైంది యాదగిరి ఒక్కడే. యాదగిరీ అని పిలుస్తున్నది. లోపల ఆ పేరుగలోడు లేడు."

ఇంక ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? ఉపన్యాసం ఎత్తుకున్నాను. ఏ కాలంలో ఉన్నాం, చదువుకున్న పిల్లవు, పేరంటే పిలవడానికి కాక ముట్టకుండా దాచుకోవడానికి పెట్టుకున్నామా, మగవాళ్ళు మన పేర్లు పట్టుకుని ఊరంతా వినేటట్టు కేకలేయొచ్చు, మనం వాళ్ళ పేరు కంప్యూటర్‌లో నొక్కితే వాళ్ళ ఆయుష్షు తగ్గుతుందా అని. లచ్చమ్మ తమలపాకు నమలడం ఆపి వింది. నాకు ఊపు వచ్చింది.

సరిగ్గా అప్పుడే బల్ల మీద పెట్టిన నా ఫోన్ మోగింది. అది స్వరూప ఎదుటే ఉంది. ఆ పిల్ల చూసి నా వైపు తోసింది.

"పింకీ డాడీ అని వస్తున్నది మేడమ్. ఎవరు?"

"మా ఆయన."

స్వరూప ఫోన్‌ను చూసింది, నన్ను చూసింది. అమాయకంగానే అడిగింది, ఇప్పటికీ నా నమ్మకం అదే. "ఆయనకు పేరు లేదా మేడమ్?"

లచ్చమ్మ తమలపాకు రసం మింగి నవ్వడం మొదలుపెట్టింది. గోడకు చేరబడి, కడుపు పట్టుకుని నవ్వింది. ఫోన్ మోగుతూనే ఉంది. ఎత్తితే మా ఆయన, "పప్పుల ఉప్పేసినవా లేదా? ఒకసారి వేసినట్టున్నది, లేనట్టున్నది," అన్నాడు.

"నాకు తెల్వదు. నాలుకుంది కదా, చూసుకోండి," అని పెట్టేశాను.

ఇరవై ఏళ్ళుగా నాతో వాదంలో గెలిచినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆ రోజు ఒక్క ప్రశ్నతో ఆ పిల్ల వాళ్ళలో చేరిపోయింది. ఓడిపోయినప్పుడు పనిలో పడటం నా అలవాటు. తెర వైపు తిరిగాను. తిరిగాకే బుర్రలో మెరిసింది, దారి ఆ ఫోన్‌లోనే ఉందని.

"చూడు స్వరూపా. పైన పింకీ డాడీ అని ఉన్నది. వెనక ఉన్నది నంబరు. పైన నేను ఏ పేరు రాసుకున్నా ఫోన్ ఆయనకే పోతది. నంబరు మారిస్తే మాత్రం వేరే ఎవరికో పోతది. నువ్వు చేసింది నంబరు మార్చుడు. మార్చాల్సింది పైపేరు."

ఇంతలో గుమ్మంలో నవ్వు ముఖమే కనిపించింది. డ్రైవర్ యాదగిరి. షీటు కోసం వచ్చి ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో. మొదటిసారి ఆయన ముఖంలో నవ్వు లేదు.

"మేడమ్, నా పేరు కంప్యూటర్‌ల నుంచి తీసేసిన్రట కదా. నన్ను గుడ తీసేస్తున్నరా? సార్ నాతోని ఏమనలే."

"అయ్యో అన్నా, గట్ల కాదు!" స్వరూప లేచి నిలబడింది. "నిన్ను తీయలే. మా మామ కోసం తీసిన."

"మీ మామ కోసం నన్ను ఎందుకు తీసిన్రు?" యాదగిరికి ఇంకా అయోమయమైంది. "మీ మామ బస్సు నడుపుతడా? ఆయనకు పుట్టి నడుపుడే వస్తది కదా!"

చేపలు పట్టే బుట్టలాంటి పడవను మావైపు పుట్టి అంటారు. లచ్చమ్మ మళ్ళీ గోడకు చేరబడింది.

నేను విషయం చెప్పేసరికి యాదగిరి నవ్వు తిరిగొచ్చింది. కానీ ఒక్క మాట గట్టిగానే అన్నాడు. "పైన ఏమన్న రాసుకోన్రి. లోపల మాత్రం నా పేరు ఉండనీయున్రి మేడమ్. బడి పెట్టినకాడి నుంచి నేనే నడుపుతున్న."

ఆ మాటతో తేలిపోయింది. కోడ్‌లో నాదర్‌గుల్‌ను అలాగే ఉంచి, బటన్‌ను ఆ కొత్త పేరుకు కలపడం కూడా కుదిరేదే. అదీ రెండు నిమిషాల పనే. కానీ లోపల యాదగిరి ఉండాలి, పైన యాదగిరి కనబడకూడదు. కుర్చీలో స్వరూపనే కూర్చోబెట్టాను. ఎడిటర్‌లో నాదర్‌గుల్ తీసి మళ్ళీ యాదగిరి రాసింది. రాసేటప్పుడు పెదవులు గట్టిగా మూసుకుంది, చేతివేళ్ళు మాత్రం తడబడలేదు. తర్వాత టూల్‌బార్ మీద మౌస్ కుడి మీట నొక్కి, బటన్లు మార్చే పెట్టె తెరిచి, నవ్వు ముఖాన్ని ఎంచుకుని, మాడిఫై అన్నచోట నొక్కమన్నాను. అక్కడ బొమ్మల కింద ఒక గడి ఉంటుంది, డిస్‌ప్లే నేమ్. అంటే బటన్ మీద మనిషికి కనిపించే పేరు. కంప్యూటర్‌కు దాంతో సంబంధం లేదు.

"ఇక్కడ ఏం రాయాలె మేడమ్?"

"నీ ఇష్టం. నాదర్‌గుల్ అని రాయి."

స్వరూప ఆలోచించింది. అత్తను చూసింది, యాదగిరిని చూసింది. తర్వాత తెలుగులోనే కొట్టింది, మామ బస్సు.

"పిల్లలు గుడ మామ అనే పిలుస్తరు కదా," అంది.

లచ్చమ్మకు చదవడం రాదు. చదివి వినిపించాను. ఆమె చీపురు తీసుకుని, "గిప్పుడు మంచిగున్నది. నొక్కు బిడ్డా, ఎంత గట్టిగ నొక్కుతవో నొక్కు," అంది.

స్వరూప నొక్కింది. డబ్బా రాలేదు. ఒక క్షణం ఏమీ కాలేదు. తర్వాత మూలనున్న ప్రింటర్ గురగురమని షీటు బయటికి తోసింది. అదే సమయానికి బడి గంట కొట్టారు. పక్కగదిలోంచి సార్ కేక.

"స్వరూపా! యాదగిరిని నొక్కినవా?"

"మామ బస్సు షీటు వచ్చింది సార్!" స్వరూప కూడా అంతే గట్టిగా అరిచింది. ఆ పిల్లకు అంత గొంతుందని అప్పుడే తెలిసింది.

యాదగిరి షీటు పట్టుకుని పరుగెత్తాడు, వెనకాల లచ్చమ్మ. నాదర్‌గుల్ బస్సు ఆ రోజు అన్నిటికంటే ముందు గేటు దాటింది.

సార్ వచ్చి అడిగాడు. చెప్పాను. ఆయన చేతులు కట్టుకుని సంతోషంగా నవ్వాడు. "నేను ముందే చెప్పలేదా మేడమ్? రూట్ నంబర్లు పెట్టి ఉంటే ఈ లొల్లి ఉంటుండెనా?"

ఆ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పడం నాకు చాలా కష్టం. కాబట్టి చెప్పలేదు. "ఎల్బీనగర్ నుంచి మనిషిని తెస్తానన్నరట. తెండి. ఆయనకు ఈ కిటికీ తెరవడం వస్తదేమో అడిగి తెండి," అన్నాను. "ఈ పిల్ల ఎవరు నేర్పకుండనే తెరిచింది, కోడ్ చదివింది, పేరు ఎక్కడున్నదో కనిపెట్టింది. తప్పు చేసింది నిజమే. ఆ తప్పు చెయ్యాలంటే గుడ కొంత పని రావాలె సార్. మీ బడిల ఇంకెవరికొస్తది?"

సార్ నన్ను, స్వరూపను మార్చి మార్చి చూశాడు. "వాదం మీతోని పెట్టుకోవద్దంటరు," అన్నాడు. ఆ నెలాఖరుకు స్వరూప కొలువు ఖాయమైంది. తర్వాత ఆదివారాలు నా దగ్గరికి వచ్చి మాక్రోలు రాయడం నేర్చుకుంది. ఇప్పుడు ఆ బడిలో మాక్రోలన్నీ ఆమె రాసినవే. నవ్వు ముఖం మాత్రం అలాగే ఉంది. మౌస్ తీసుకుపోతే మామ బస్సు అని చూపిస్తుంది, లోపల యాదగిరి నడుపుతూనే ఉన్నాడు. ఒకసారి వాళ్ళ మామ చేపల బుట్టతో బడికి వచ్చినప్పుడు ఈ కథ విని, "నన్ను నొక్కితే నాకేం నొస్తదే పిల్లా? మీ అత్త ముప్పై ఏండ్ల సంది నొక్కుతనే ఉన్నది కదా," అన్నాడట.

ఇదంతా నాకు నేర్పిన సంగతి పనికి సంబంధించిందే. కోడ్‌లో పెట్టే పేరు కంప్యూటర్ కోసం, అది ఒకసారి పెడితే కదపకూడదు. బటన్ మీద కనిపించే పేరు దాన్ని నొక్కే మనిషి కోసం, అది ఆ మనిషిని అడిగి పెట్టాలి. ఇప్పుడు ఏ ఆఫీసుకు వెళ్ళినా బటన్లు పెట్టేముందు అక్కడ కూర్చునేవాళ్ళను అడుగుతాను, "ఈ పేర్లల్ల మీరు పలకని పేరేమన్న ఉన్నదా?" అని. చాలామంది నవ్వుతారు. ఒకరిద్దరు మాత్రం తల వంచుకుని ఏదో ఒక బటన్ మీద వేలు పెడతారు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఆ రాత్రి పట్టుదలకు పోయి నా ఫోన్‌లో పింకీ డాడీ తీసేసి మా ఆయన పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా రాశాను. మర్నాడు ఫోన్ మోగింది. మా పింకీ చూసి, "మమ్మీ, ఎవరో బ్యాంకాయన ఫోన్ చేస్తున్నడు," అని కట్ చేసింది. సాయంత్రం ఆయనకు నేను పేరు మార్చిన సంగతి తెలిసి ముఖం చిన్నది చేసుకుని అడిగాడు, "నా మీద కోపమొచ్చిందా? ఉప్పు గురించేనా?"

మళ్ళీ పింకీ డాడీ అనే రాసుకున్నాను. ఇంత రాసినా ఆయన పేరు చెప్పలేదని మీరు గమనించే ఉంటారు. అడగకండి. నొక్కితే పలుకుతున్నాడు, నాకంతే చాలు.